సర్వపిండి పట్నం పోతే... సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపువే. ఊరి వంటలు పట్టుకుని మేళాలకు రమ్మని మహిళా సంఘాలను పిలుస్తున్నారట. వండడం తెలిసిన చేతులకు అమ్మడం కొత్త కాబట్టి పిలుపుతో పాటే గుబులు కూడా మొదలైంది. ఒకే రకం సందేహాలను ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము సంఘంల ఉన్న ఆడోళ్లం. హైదరాబాద్ల తిండి మేళా ఉన్నది, సర్వపిండి స్టాల్ పెట్టుమని అడిగిన్రు. మా దగ్గర కాయితాలు ఏమీ లెవ్వు. అధికారులొచ్చి పట్టుకుంటే ఇజ్జత్ పోతదని అందరికీ భయమైతున్నది. (వీర్నపల్లి నుంచి ఒక అక్క)

జవాబు: ముందు కుదుటపడండి అక్కా, మీరు చేయబోయేది తప్పు పని కాదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం మీలాంటి చిన్న స్టాళ్ల వాళ్లను కూడా దృష్టిలో పెట్టుకుంది. తాత్కాలికంగా స్టాల్ పెట్టేవారికి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ అనే ఆహార భద్రత సంస్థ దగ్గర పేరు నమోదు చేయించుకుంటే సరిపోతుంది. అది ఆన్‌లైన్‌లో అయ్యే పని, ఫీజు నామమాత్రం. సంఘం పేరు మీద చేయించాలా, వంట చేసేవారి పేరు మీదా అని మేళా పెట్టేవాళ్లను ముందే అడగండి. చాలాచోట్ల వాళ్లే దగ్గరుండి చేయిస్తారు. ఎవరైనా వచ్చి "వేలల్లో ఇయ్యి, రేపటికల్లా కాయితం తెస్త" అంటే మాత్రం జాగ్రత్తపడండి.

ప్రశ్న: మాది వీర్నపల్లి, ఇప్పుడు కూకట్‌పల్లిల ఉంటున్నం. అదే కొలత, అదే కారం, అయినా సర్వపిండి మా అత్తమ్మ చేసినట్టు వస్తలేదు. పైన పచ్చిగ, కింద మాడుడు. నా చేతిల రుచి లేదా మేడమ్?

జవాబు: మీ చేతిలో లోపం లేదమ్మా, పట్నం వెళ్లిన చాలామంది అడిగేదే మీరూ అడిగారు. మీ అత్తమ్మ పిండి ఊరి గిర్నీలో అప్పుడే పట్టించింది. మీది ప్యాకెట్ పిండి అయితే అది మరీ మెత్తన, మరీ పొడి. ఎన్ని నీళ్లు పోసినా ఒక తీరుగా పీల్చుకోదు. దుకాణంలో బియ్యం కొని దగ్గర్లో ఉన్న గిర్నీలో కొంచెం బరకగా పట్టించి చూడండి. నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లి ఆకు కలిపి తడిపిన ముద్ద చేతికి అంటీ అంటనట్టు ఉండాలి.

ఇక గిన్నె సంగతి. నాన్‌స్టిక్ పెనం మీద సర్వపిండి కాలదు, ఎండుతుంది. అడుగు మందంగా, గుండ్రంగా ఉన్న గంజులో లోపలి అంచుల దాకా పల్చగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేయాలి. మూత పెట్టి సన్నటి మంట మీద వదిలేస్తే కింద కరకరలాడుతుంది, పైన ఆవిరికి మెత్తగా ఉడుకుతుంది. తిరగేయకూడదు. రెండోది ఒత్తే ముందు మీ అత్తమ్మ గిన్నెను బోర్లించి పైన నీళ్లు చల్లడం గుర్తుందా? వేడి గిన్నెలో పిండి ఒత్తితే ముద్ద జారిపోతుంది, చేయీ కాలుతుంది. అందుకే మేళాలో స్టాల్ పెట్టేవాళ్లు రెండు మూడు గిన్నెలు తీసుకుపోవాలి. రెండు మూడు నెలల్లో మీ పొయ్యికీ మీ గిన్నెకూ తగిన పాకం మీకే తెలుస్తుంది.

ప్రశ్న: పోయిన సంక్రాంతికి సకినాలు నూనెల ఏయంగనే పటపట పేలినయ్. మా చెల్లె చెయ్యి కాలింది. ఇప్పుడు మేళా కోసం పెద్ద మొత్తంల చెయ్యాల్నంటే ఒణుకు పుడుతున్నది. (సిరిసిల్ల)

జవాబు: ఒకసారి చెయ్యి కాలిన ఇంట్లో ఆ భయం ఉండడం సహజం. సకినం పేలేది లోపలి తడి ఆవిరై బయటికి దారి దొరకనప్పుడు. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, తడి మీదనే పట్టించి జల్లించాలి. నిలవ ఉన్న పొడిపిండితో సాహసం చేయవద్దు. గుడ్డ మీద చుట్టిన సకినాలు నీటి మెరుపు పోయేదాకా ఆరితే చాలు. పైపొర బిరుసెక్కేదాకా వదిలేస్తే పేలే అవకాశం పెరుగుతుంది. ప్రతి దఫాలోనూ ముందు ఒక్కటి వేసి చూడండి, అది నిమ్మళంగా పొంగితే మిగతావి వేయండి. పిల్లల్ని, కొంగులు వేలాడే చీరల్ని మూకుడుకు దూరంగా ఉంచండి. ఒకవేళ కాలితే చల్లటి నీళ్ల ధార కింద 20 నిమిషాలు పెట్టాలి, పసుపు, పేస్టు పూయవద్దు. బొబ్బ అరచేయంత ఉన్నా, ముఖం మీద కాలినా దవాఖానకు వెళ్లాల్సిందే.

ప్రశ్న: మాది తండా. మేళాల మా వంటలు పెట్టుమంటున్నరు. బాటి, సళోయి పెడితే పట్నపోళ్లు ముక్కు మూసుకుంటరేమో అని మా అమ్మ వద్దంటున్నది. సళోయి తింటే రోగాలొస్తయని కాలేజీల అన్నరు. నిజమేనా? (వీర్నపల్లి మండలం, డిగ్రీ విద్యార్థిని)

జవాబు: చెల్లీ, మీ అమ్మ భయం వెనక ఎన్నో ఏళ్ల చిన్నచూపు ఉంది, అందుకే ఆమె మీద కోపం తెచ్చుకోవద్దు. జొన్న బాటి పల్చగా, పొంగుతూ, పొయ్యి మీది నుంచి నేరుగా విస్తరిలో పడితే ముక్కు మూసుకునేవాళ్లు ఉండరు, వరుసలో నిలబడతారు. సళోయి విషయంలో ఆరోగ్యం మాట వేరు, పరువు మాట వేరు. కళ్ల ముందు కోసిన ఆరోగ్యమైన మేక రక్తాన్ని వెంటనే పూర్తిగా ఉడికించి వేడిగా తినడం మీ ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయితే రక్తం చాలా త్వరగా చెడిపోతుంది కాబట్టి దాన్ని మేళా స్టాల్‌కు మోసుకుపోవద్దు. పండుగలకు మిమ్మల్ని వెతుక్కుంటూ తండాకు వచ్చేవాళ్లకు వడ్డించండి. కొన్ని వంటలు ఊరు దాటకపోవడమే వాటికి గౌరవమని నేను నమ్ముతాను.

ప్రశ్న: అంబలి రాత్రి కలిపి పెడితే పొద్దుగాల పుల్లటి వాసన, పైన బుడగలు. మా కోడలు ఖరాబైందని పారవోస్తున్నది. (కోరుట్ల)

జవాబు: పారబోయనవసరం లేదమ్మా, మీ కోడలికి కూడా నా మాటగా చెప్పండి. ఆ పులుపు, ఆ చిన్న బుడగలు పిండి సరిగ్గా పులిసిందనడానికి గుర్తు. ఇడ్లీ పిండిలో జరిగేదీ ఇదే. పైన ఆకుపచ్చ, నలుపు, గులాబీ రంగు బూజు కనిపిస్తేనో, గరిటెతో ఎత్తితే తీగలు సాగితేనో, కుళ్లు వాసన వస్తేనో అప్పుడు పారబోయండి. పైపైన తీసేసి మిగతాది వాడవద్దు.

ప్రశ్న: మేళాకు పోయొస్తే పెద్ద కంపెనోళ్లు మా సర్వపిండి మీద పేటెంట్ రాయించుకుంటరట. రేపు మా ఇంట్ల మేమే చేసుకోవద్దంటరా?

జవాబు: అలా ఎవరూ అనలేరు, ధైర్యంగా ఉండండి. తరతరాలుగా అందరూ వండుతున్న వంట మీద ఎవరికీ పేటెంట్ రాదు. మీరు విన్నది బహుశా భౌగోళిక గుర్తింపు గురించి, జీఐ ట్యాగ్ అంటారు. 1999లో చట్టం చేశారు, 2003 నుంచి అమలులో ఉంది, రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. అది ఒక మనిషి సొంతం కాదు. ఆ ప్రాంతంలో తయారుచేసేవాళ్ల తరఫున సంఘమో సంస్థో దరఖాస్తు చేస్తుంది, పదేళ్లకోసారి పొడిగించుకోవాలి. హైదరాబాద్ హలీంకు 2010లో, తాండూరు కందిపప్పుకు 2022లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, వరంగల్ చపాటా మిర్చికి 2025లో వచ్చింది. వీటిలో దేనివల్లా ఎవరి వంటింట్లోనూ పొయ్యి ఆరలేదు. ఆపేది ఒక్కటే, వేరేచోట తయారైన సరుకును ఆ ఊరి పేరుతో అమ్మడం.

తాండూరు కంది సంగతి చూడండి. అక్కడి నాపరాళ్ల నేల ఆ పప్పుకు రుచినిచ్చిందని చూపించగలిగారు. సర్వపిండిని కరీంనగర్, వరంగల్ అంతటా చేస్తారు కాబట్టి ఒక్క ఊరు దానికి కంచె వేయలేదు, వేయకపోవడమే మంచిది. మీ మండలానికే ప్రత్యేకమైన పంటో, అడవి సరుకో ఉంటే దాని గురించి వ్యవసాయాధికారితో మాట్లాడండి.

ప్రశ్న: సాంచాలు సరిగ నడుస్తలెవ్వు, అందుకే నేను సకినాలు, తొక్కులు చేసి అమ్ముతున్న. మేళాల అందరూ "ఊర్ల చేసినయే కదా, తగ్గియ్యి" అంటరు. తగ్గియ్యకపోతే కొనరని భయం. (సిరిసిల్ల)

జవాబు: ఇల్లు గడవాల్సిన చోట ఆ భయం ఎంత బరువుగా ఉంటుందో అర్థమవుతోంది అక్కా. బియ్యం, నూనె, గ్యాసు, బస్సు చార్జీలతో పాటు గుడ్డ ముందు కూర్చుని సకినాలు చుట్టిన ప్రతి గంటకూ కూలి కట్టుకోండి, సాయం వచ్చిన పక్కింటి వాళ్ల కూలితో సహా. ఆ మొత్తం కింద ఒక గీత గీయండి, ఆ గీతకు దిగువన అమ్మవద్దు. మొదటి రోజు సరుకు మిగలడం మామూలే. మూడు మేళాల తర్వాత కూడా కూలి గిట్టకపోతే ఆ మేళా మీకు సరిపడదని అర్థం, మీ సకినాల్లో లోపమేమీ లేదు. పట్నం వాళ్లు బేకరీలో బిస్కెట్ డబ్బా ధర అడక్కుండా కొని, చేత్తో చుట్టిన సకినం దగ్గర బేరమాడటం నాకు బాధ కలిగిస్తుంది. ఇది చదివే కొనుగోలుదారులకు కూడా ఈ మాట చెబుతున్నాను.

ప్రశ్న: నాకు షుగరు. ఒక మేళాల జొన్న గట్క, కొర్రల అన్నం తింటే గోలీలు బంద్ చేయొచ్చని చెప్పిన్రు. చేసెయ్యనా? (జగిత్యాల, రిటైర్డ్ టీచర్)

జవాబు: గోలీలు ఆపవద్దు సార్, ఈ ఒక్క మాట ముందు పట్టించుకోండి. జొన్న, కొర్ర మంచి తిండే. పీచు ఎక్కువ కాబట్టి తెల్లన్నంతో పోలిస్తే చక్కెర నిదానంగా పెరుగుతుంది. పెరగకుండా మాత్రం ఉండదు. గట్క ఒక గిన్నెడు, పక్కన పప్పో ఆకుకూరో ఎక్కువగా పెట్టుకుని, నెల తర్వాత రక్త పరీక్ష చేయించి డాక్టర్‌కు చూపించండి. మోతాదు తగ్గించాల్సి వస్తే ఆయనే తగ్గిస్తారు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే చక్కెర బాగా పడిపోయిందని అనుమానించి వెంటనే కొంచెం చక్కెర నీళ్లు తాగి దవాఖానకు వెళ్లండి.

ప్రశ్న: మా తాత గట్క తిన్నడు, నాయిన మక్కరొట్టె తిన్నడు. మాకు నీళ్లొచ్చినయ్, ఇప్పుడు ఎటు చూసినా వరే. మేళాల "మా నేల తిండి" అని జొన్నరొట్టె పెట్టాలంటే జొన్నలు కొనుక్కరావాలె. మేము మా తిండిని పోగొట్టుకున్నమా? (రైతు, వీర్నపల్లి)

జవాబు: పోగొట్టుకోలేదు తమ్ముడూ, ఆ మాట మనసులో పెట్టుకుని కుమిలిపోవద్దు. నీళ్లు లేక జొన్న వేసిన మీ తాత, నీళ్లు వచ్చాక వరి వేసిన మీరు, ఇద్దరూ ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టడానికే చేశారు. వరి కూడా పరాయిది కాదు. జగిత్యాల దగ్గర పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన జేజీఎల్ 1798ని రైతులు జగిత్యాల సన్నాలు అని పిలుచుకుంటున్నారు. ఒక ఊరి పేరు బియ్యానికి అలా అంటుకుపోయిందంటే అదీ మీ నేల తిండే. కాలువ వచ్చాక పంట మారడం, పంట మారాక పళ్లెం మారడం ప్రపంచంలో ప్రతిచోటా జరిగేదే.

కంగారు పడాల్సింది ఎప్పుడంటే, ఊళ్లో ఏ ఇంట్లోనూ పాత విత్తనం గుప్పెడు కూడా మిగలనప్పుడు. ఈ వారం నాలుగు ఇళ్లు తిరిగి అడగండి, ముఖ్యంగా తండాల్లో, చెలక భూములున్న వాళ్లను. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత మహిళలు, చేసింది ఇదే. రెండు దశాబ్దాలకు పైగా సంక్రాంతి తర్వాత పాత పంటల జాతర నడిపారు. అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగారు, వచ్చినవాళ్లకు ఆ గింజలతోనే వండి పెట్టారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. తిండి మేళా అంటే ఇలా ఉండాలని నా అభిప్రాయం: వంట పక్కనే గింజ, గింజ పక్కనే దాన్ని పండించిన మనిషి. మీరు బోరు కింద వరి ఆపనక్కర్లేదు. నీళ్లెక్కని గడ్డమీద నాలుగు సాళ్లు జొన్న చల్లండి. ఈ ఏడాది మేళాకు కొన్న జొన్నలతో రొట్టె చేస్తే "జొన్నలు ఫలానా ఊరివి, చేయి మాది" అని బోర్డు మీద రాయండి. అందులో దాచాల్సింది లేదు.

ప్రశ్న: మా ఊరు మిడ్ మానేరు కింద మునిగింది. కాలనీల ఉంటున్నం. ఎంత వండినా పప్పు ఆ రుచి వస్తలేదు. స్టాల్ మీద ఊరి పేరు రాయుమంటే చెయ్యి ఆడుతలేదు. లేని ఊరి పేరు రాస్తే అబద్ధమైతదా?

జవాబు: అబద్ధం కాదమ్మా. ఆ వంట ఆ ఊళ్లో పుట్టింది, ఆ ఊళ్లో నేర్చుకున్న మీరు వండుతున్నారు. పేరు పెద్ద అక్షరాలతో రాయండి. రుచి మారిందన్నది మీ భ్రమ కాదు. నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువుంటే పప్పు గింజ బిరుసుగా ఉండి ఆలస్యంగా ఉడుకుతుంది, తక్కువుంటే త్వరగా మెత్తబడుతుంది. మీ పాత బావి నీళ్లు వేరు, కాలనీ ట్యాంకు నీళ్లు వేరు. పప్పును ముందు నానబెట్టి, ఉడికిన తర్వాతే చింతపండు వేసి, మట్టికుండలో సన్నటి మంట మీద చేసి చూడండి. దగ్గరికి వస్తుంది, అచ్చం అదే కాకపోవచ్చు.

ఊరు తలపుకు వచ్చి వంట మధ్యలో కన్నీళ్లు రావడం సహజం, దాన్ని జబ్బు అనుకోవద్దు. వారాల తరబడి ఆకలి లేక, నిద్ర పట్టక, పొయ్యి దగ్గరికే పోబుద్ధి కాకపోతే ఇంట్లో చెప్పండి, 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సహాయం, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మేము పసుపు పండిస్తం. మేళాల పెడితే దుకాణంల పసుపంత మెరుస్తలేదని జనం పక్కకు పోతరు. మా పసుపు నాసిరకమా? (కోరుట్ల)

జవాబు: కాదు, మీ పసుపు రంగు అలా ఉండడమే మామూలు. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి, మరే రంగూ కలపని పసుపు కొంచెం మట్టిఛాయతో ఉంటుంది. భయపడాల్సింది కళ్లు జిగేల్మనే పసుపును చూసి. కొందరు కొమ్ముకు మెరుపు రావాలని లెడ్ క్రోమేట్ రాస్తారు, అందులోని సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. స్టాల్ దగ్గర కొమ్మును కొనేవాళ్ల ముందే విరిచి లోపలి రంగు చూపించండి, వాసన చూడనివ్వండి. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌లోనే మొదలైంది కాబట్టి నాణ్యత పరీక్షల గురించి అక్కడ అడగవచ్చు.

ప్రశ్న: నేను సర్వపిండి మీద చీజ్ వేసి అమ్మిన. మస్తు పోయింది. మా పెద్దలు "వంటను చంపినవ్" అని తిట్టిన్రు. (జగిత్యాల, హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థి)

జవాబు: చంపలేదు తమ్ముడూ, పెద్దల తిట్టును ప్రేమగానే తీసుకో. మక్క, మిరప, పల్లీ కూడా ఒకప్పుడు సముద్రం దాటి వచ్చినవే. ఊరి తిండిని కాపాడాలని పట్టుబట్టినవాళ్ల సంగతి కూడా చూడు. 1986లో రోమ్ నగరంలో మెక్‌డొనాల్డ్స్ దుకాణం తెరిచినప్పుడు కార్లో పెట్రీని అనే పాత్రికేయుడు, ఆయన మిత్రులు నిరసన తెలిపారు. అక్కడి నుంచే స్లో ఫుడ్ ఉద్యమం పుట్టింది. ఆ ఉద్యమంతో కలిసి ఆదివాసుల ఆహార సమ్మేళనం 2015లో మన షిల్లాంగ్‌లో కూడా జరిగింది. వాళ్ల పట్టుదల అంతా తిండి మంచిగా, శుభ్రంగా, పండించినవాడికి న్యాయంగా ఉండాలని. చీజ్ వేసిన దాని పక్కనే వేయనిది కూడా పెట్టు. అసలుది చేయడం నీకు రాకపోతే మాత్రం అది ఆలోచించాల్సిన విషయం, మీ నానమ్మ దగ్గర కూర్చుని నేర్చుకో.

ప్రశ్న: ఇప్పపువ్వు లడ్డు మేళాల కొన్నం. పిల్లలకు పెడితే నిషా ఎక్కుతదా? సీతాఫలం గింజలు కూడా విషమంటరు, నిజమా?

జవాబు: ఎండబెట్టిన ఇప్పపువ్వులో ఉండేది తీపి, సారా కాదు, పులియబెట్టి బట్టీ పెడితేనే నిషా. పిల్లలకు ఒక లడ్డు పెట్టవచ్చు, పుల్లటి సారా వాసన వచ్చినా, బూజు కనిపించినా పెట్టవద్దు. సీతాఫలం గింజ పొరపాటున నమలకుండా మింగితే సాధారణంగా ఏమీ కాదు. నూరిన గింజల పొడి కంట్లో పడితే మాత్రం ధారగా నీళ్లతో కడిగి వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మా వేములవాడ దిక్కు ఏడోరోజే సద్దుల బతుకమ్మ. ఐదు తీర్ల సద్దులు మధ్యాహ్నం చేసి రాత్రి బతుకమ్మను నీళ్లల్ల వేసినంక పంచుతం. ఈసారి మేళా లెక్క పెద్దగ చేస్తున్నం. అన్నం చెడిపోయి ఎవరికన్న ఏమన్న అయితే ఎట్ల?

జవాబు: ఇంతమంది గురించి ఆలోచించి ముందే అడిగారు, అక్కడే సగం జాగ్రత్త అయిపోయింది. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి పెద్ద గిన్నెలో ఉంటే ఒక రకం బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. కాబట్టి అన్నాన్ని వెడల్పాటి పళ్లాల్లో పరిచి త్వరగా చల్లార్చండి. చింతపండు పులిహోర పులుపు వల్ల రాత్రి దాకా ఆగుతుంది. నువ్వుల సద్ది, పల్లీల సద్ది సాయంత్రం కలపండి, పెరుగు సద్ది అన్నిటికంటే చివర, బయలుదేరే ముందు. మలీద ముద్దల గురించి దిగులే వద్దు, రొట్టె, బెల్లం, నెయ్యి కదా. తిన్న కొద్ది గంటల్లో ఒకటి రెండు వాంతులై తగ్గిపోతే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తే సరిపోతుంది. పసిపిల్లలకూ ముసలివాళ్లకూ ఆగకుండా అయినా, రక్తం పడినా దవాఖానకు తీసుకెళ్లండి.

ప్రశ్న: మా ఆయన దుబాయ్ల ఉంటడు. అక్కడ మనోళ్లు కలిసి పండుగ చేసుకుంటున్నరట, ఊరి వంటలు పంపుమన్నడు. ఎయిర్‌పోర్టుల పట్టుకుంటే ఎట్లనో అని నిద్ర పడుతలేదు. (కోరుట్ల)

జవాబు: హాయిగా నిద్రపోండి చెల్లీ, సకినాలు, గారెలు, అరిసెలు, తొక్కులు ఎన్నో ఇళ్ల నుంచి రోజూ పోతూనే ఉన్నాయి. ఒక్క గసగసాలు మాత్రం పంపవద్దు. మన దగ్గర మసాలా దినుసు, అక్కడ మత్తు పదార్థాల కింద లెక్క. తెలియక తీసుకెళ్లినా కేసులో ఇరుక్కుంటారు. విడిగా ఉన్నవే కాదు, ఇంట్లో పట్టించిన మసాలా పొడిలో కలిసి ఉన్నా ప్రమాదమే, కాబట్టి కూర మసాలా డబ్బా అసలు పెట్టకండి. తీసుకుపోయే మనిషి వేరే ఎవరైనా అయితే మూటలో ఏమేం ఉన్నాయో ఆయన ముందే విప్పి చూపించండి. మాంసం వంటలు పంపే ముందు విమాన సంస్థను అడగమనండి.